చుట్టుకొక బొమ్మ

ముందు మెటికల చప్పుడు వినిపించేది. రెండో అంతస్తులో, మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఊపిరి తీసుకునే మలుపు దగ్గర, ఒకటి, రెండు, మూడు అంటూ పది వేళ్ళూ అయ్యేదాకా. వాన మొదలయ్యే ముందు రేకు కప్పు మీద పడే పెద్ద పెద్ద చినుకుల్లాగా. తరవాత ఒక పొడి దగ్గు. ఆ తరవాతే మనిషి.

"పొద్దున్నే ఎవర్ని శపిస్తున్నారు బాబాయి గారూ?" అనేది ఆమె, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

"శాపాలు కాదమ్మాయ్. కీళ్ళ మధ్య కాసిని నీళ్ళుంటాయి. వేలు లాగితే అక్కడ ఒత్తిడి పడిపోయి బుడగ పుడుతుంది. ఈ కంప్యూటర్లన్నీ పాడైపోయినా నా ఉద్యోగం నా చేతుల్లో ఉందా లేదా అని చూసుకుంటున్నా."

ఆ పంపుల కంపెనీలో అందరూ ఆయన్ని బుడగల బాబాయి అనేవారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ ఎత్తు తక్కువ గుమ్మంలోంచి లోపలికి వస్తున్నట్టు ఉండేవాడు. జేబులో రెండు కళ్ళజోళ్ళు, దగ్గరికొకటి, దూరానికొకటి. ఏది కావాలంటే రెండోది చేతికొచ్చేది. ఇంజనీర్లు తేల్చిన సంగతుల్ని కొనేవాళ్ళకి అర్థమయ్యే రిపోర్టులుగా రాయడం ఆమె పని. అందుకని ఆమె రాతమ్మాయి అయింది. నలభై మూడేళ్ళు వచ్చినా, కణతల దగ్గర జుట్టు తెల్లబడినా రాతమ్మాయే.

పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నారు. గదికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే పంపుల్ని పరీక్షించే షెడ్డు, షెడ్డు పక్కన నీళ్ళ తొట్టి, తొట్టిలో ఇంత ఆకాశం, అదీ బూడిదరంగుది. గోడకి అవతల కంప్యూటర్లు పగలూ రాత్రీ ఒకే గొంతుతో మూలుగుతూ ఉండేవి. జ్వరం తగ్గని మనిషి పక్క గదిలో పడుకున్నట్టు ఉండేది.

చేరిన కొత్తలో ఆమె అడిగింది. "ఇంతకీ మీరు రోజంతా చేసేదేంటండీ?"

"నీళ్ళు ఎక్కడ భయపడతాయో చూస్తుంటాను" అన్నాడు. ఆమె మొహం చూసి, నవ్వి, వివరంగా చెప్పాడు. "నీళ్ళని కాస్తే మరుగుతాయి, అది అందరికీ తెలిసిందే. ఒత్తిడి తీసేసినా మరుగుతాయి. చల్లగా ఉండగానే. పంపులో చక్రం వేగంగా తిరుగుతుంటే రెక్క వెనక నీళ్ళు అందుకోలేక సాగిపోతాయి. అక్కడ పుడతాయి బుడగలు. నాలుగు వేళ్ళ దూరం పోయేసరికి మళ్ళీ ఒత్తిడి. బుడగ నలిగిపోతుంది. నలిగేటప్పుడు ఊరికే పోదు, పక్కనున్న ఇనుముని ఒక్క గుద్దు గుద్ది మరీ పోతుంది. దీన్నే కావిటేషన్ అంటారు."

"బుడగ ఇనుముని గుద్దడమేంటండీ, చోద్యం కాకపోతే."

"ఒక్కటైతే చోద్యమే. సెకనుకి వేల చొప్పున ఏళ్ళ తరబడి గుద్దితే చెదలు తిన్న తలుపు చెక్కలా అవుతుంది ఇనుము."

ఆ గుద్దులు ఎక్కడ పడతాయో పంపు పోత పొయ్యకముందే కనిపెట్టడం ఆయన పని. పంపు లోపలి నీళ్ళని కంప్యూటర్లో డెబ్భై లక్షల చిన్న చిన్న గళ్ళుగా కోసేవాడు. ప్రతి గడీ తన పక్క గళ్ళని అడగాలి, మీ దగ్గర ఒత్తిడెంత, మీ వేగమెంత, మీలో ఆవిరెంత అని. జవాబులు అందాక కాలం ఒక్క వెంట్రుకవాసి ముందుకి జరిగేది. మళ్ళీ అడగడం మొదలు. పంపులో అర సెకను గడవాలంటే ఆ గదిలో మూడు వారాలు గడవాలి. "మనకి ఆయుష్షు చాలదమ్మాయ్, నీళ్ళకి తొందర చాలా ఎక్కువ" అనేవాడు.

ఆయన పెన్సిలుతో రాసిచ్చిన చిత్తుప్రతుల్ని ఆమె శుభ్రం చేసేది. ఆయన ఏ వాక్యాన్నీ తిన్నగా ముగించేవాడు కాదు. "అయితే", "బహుశా", "మేము చూసినంతవరకు" అని ఏదో ఒకటి చివర వేలాడుతుండేది.

"మీ వాక్యాలకి తోకలెక్కువ బాబాయి గారూ."

"తోకలేనిదే కోతి కొమ్మ మీద ఆగలేదు కదమ్మా."

"కొనేవాళ్ళకి కోతులు అక్కర్లేదు. పంపు మంచిదా కాదా చెప్పమంటారు."

ఆమె తోకలు కోసేసేది. ఆయన సంతకం పెట్టేసేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక చిన్న ఊరికి మంచినీళ్ళ పంపు కావలసి వచ్చింది. పంపుహౌసు కొండవాలుకి ఆనుకుని ఉంది, చోటు ఇరుకు. నీళ్ళు తెచ్చే పైపు తిన్నగా రావడానికి వీల్లేక, పంపుని చేరే ముందు మోచెయ్యిలా వంగింది. బాబాయి ఆ వంపుతో సహా మోడల్ కట్టాడు. ఆ రోజుల్లో డిస్కులు చిన్నవి. కంప్యూటర్ లెక్క తేల్చిన ప్రతి క్షణాన్నీ దాచుకోబోతే రెండు రోజుల్లో నిండిపోయేవి. అందుకని బాబాయే ఒక పద్ధతి పెట్టాడు. చక్రం ఒక చుట్టు పూర్తిచేసి మళ్ళీ మొదటి చోటికి రాగానే ఒక బొమ్మ దాచాలి. మధ్యవన్నీ పారెయ్యాలి. చుట్టుకొక బొమ్మ. అందరూ మెచ్చుకున్నారు. ఆ పద్ధతి గది గోడ మీద కాగితమై అంటుకుంది.

ఆ ఊరి పంపు బొమ్మలు ఆమె కూడా చూసింది. రెక్క వెనక తెల్లటి పల్చని పొర, చలికాలం పొద్దున కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిలాగా. పన్నెండు బొమ్మల్లోనూ అదే చోట, అదే ఆకారం. ఒకచోట నిలిచిన బుడగల పొర హాని చెయ్యదు. తెగిపోయి, కొట్టుకుపోయి, నలిగేదే ఇనుముని తింటుంది. "బుడగల పొర నిలకడగా ఉంది. పరిమితుల్లో నడిపినంతకాలం ఈ పంపుకి కావిటేషన్ వల్ల హాని లేదు" అని రాసింది ఆమె. చక్కగా కుదిరిందనుకుంది కూడా.

పంపు రెండున్నరేళ్ళు నడిచి ఒకరోజు మధ్యాహ్నం పగిలింది. రెక్క మొదలు దగ్గర ముక్క ఊడి లోపలే తిరిగి తిరిగి పంపుని చీల్చేసింది. ఊరికి తొమ్మిది రోజులు నీళ్ళు లేవు. విచారణ పెట్టారు. విచారించినవాళ్ళు రిపోర్టు తెరిచి ఆమె వాక్యం చదివారు. పరిమితుల్లో నడిపితే హాని లేదంటే, హాని జరిగింది కాబట్టి పరిమితుల్లో నడపలేదన్నమాట. పంపులోకి నీళ్ళు వచ్చే సక్షన్ వాల్వ్ సగం మూసి నడిపాడని పంపుహౌసు ఆపరేటర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పెన్షన్ కూడా లేదు. అతను అప్పీలు చేసుకున్నాడని కంపెనీకి ఒక కాగితం వస్తే, మేనేజరు దాన్ని ఫైల్లో పెట్టించాడు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున ఆఖరి విచారణ.

అప్పీలు నడుస్తుండగానే, ఆ ఏడు వానాకాలంలో, కొత్త పెద్ద డిస్కులు వచ్చాయి. అవి ఎంత పనిచేస్తాయో చూద్దామని బాబాయి, కొత్త టై కొన్నవాడు పాత చొక్కామీద కట్టి చూసుకున్నట్టు, పాత మోడల్ ఒకటి తీసి నడిపించాడు. ఆ ఊరి పంపే. ఈసారి మధ్య బొమ్మలేవీ పారెయ్యలేదు.

మూడు వారాల తరవాత ఒక పొద్దున, తొమ్మిదిన్నరకి, "అమ్మాయ్, ఇలా రా" అన్నాడు. ఆ గొంతులో హాస్యం లేదు.

తెర మీద రెక్క నెమ్మదిగా తిరుగుతోంది. పొర ఉంది. చక్రం పావు చుట్టు తిరిగేసరికి ఆ పొర ఉబ్బింది. సగం చుట్టుకి దాని తోక తెగి, మబ్బుతునకలా విడిపోయి, రెక్క మొదలు మీదికి జారి, ఒక్కసారిగా మాయమైంది. అది మాయమైన చోట ఎర్రగా ఒక మచ్చ వెలిగింది. ముప్పావు చుట్టుకి కొత్త పొర మొలిచింది. చుట్టు పూర్తయ్యేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే చోట, అదే ఆకారం.

"ప్రతి చుట్టులోనూ ఇంతేనా?" అంది ఆమె.

"ప్రతి చుట్టులోనూ. పైపు వంగింది కదా, వంపు లోపలివైపు నీళ్ళు నింపాదిగా వస్తాయి. ప్రతి రెక్కా చుట్టుకొకసారి ఆ నింపాది నీళ్ళలోంచి పోవాలి. అక్కడ దాని గతి తప్పుతుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను కన్ను తెరిచిన ప్రతిసారీ అది బుద్ధిగా కూర్చుని ఉందమ్మాయ్. నేను కన్ను మూసుకోగానే లేచి కొట్టింది."

విచారణ ఫైల్లోంచి విరిగిన రెక్క ఫొటో తీసి తెర పక్కన పెట్టాడు. ఇనుము మీద తేనెపట్టులాంటి గుంటలు, సరిగ్గా ఎర్ర మచ్చ ఉన్నచోటే. బాబాయి మర్నాడు ఆఫీసుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కొత్త రిపోర్టు రాయాలంటే పాతది కావాలి కదా అని ఆమె బీరువాలోంచి పాత ఫైలు తీసింది. అడుగున ఆయన పెన్సిలు చిత్తుప్రతి దొరికింది. తను ఎర్రసిరాతో కోసిన తోకలన్నీ వరసగా ఉన్నాయి. ఏడో పేజీలో ఒక వాక్యం మొత్తం కొట్టేసి ఉంది. "చుట్టుకి ఒక బొమ్మ మాత్రమే చూశాము; ఆ మధ్యలో ఏమి జరుగుతున్నదో చూడలేదు." దాని పక్కన తన చేత్తోనే, "అనవసరం."

ఆమె ఆ ప్రతిని ఫైల్లో తిరిగి పెట్టలేదు. తన సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు.

సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్కగారితో ఉంటాడు. ఆవిడ దర్జీపని చేస్తుంది. ముందుగదిలో మిషను, చుట్టూ నేల మీద కత్తిరింపు ముక్కలు, గోడకి తలల్లేని చొక్కాలు. వంటింట్లో కుళాయి నుంచి చుక్క తరవాత చుక్క కింద పెట్టిన గిన్నెలో పడుతోంది.

"రా అమ్మా. నీళ్ళ గురించి తెలియనిది లేదు మా వాడికి. ఆ కుళాయికి వాషర్ వెయ్యరా అని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా" అంది అక్కగారు, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. "రెండు రోజులైంది తిండి లేదు. ఏం జరిగిందంటే చుట్టు అంటాడు, బొమ్మ అంటాడు. నువ్వన్నా అడుగు."

లోపల బాబాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద విచారణ కాగితాలు.

"ఆ ఆపరేటరు లాగ్ బుక్ చూశావా అమ్మాయ్? పద్నాలుగు నెలలు రాశాడు. 'గులకరాళ్ళ చప్పుడు.' మళ్ళీ 'గులకరాళ్ళ చప్పుడు.' బుడగలు నలిగితే అచ్చం అలాగే ఉంటుంది. పుస్తకాల్లో అదే మాట రాసి ఉంటుంది. పుస్తకం చదవని మనిషి విని రాశాడు. చదివిన నేను..." ఆగాడు. "కొత్త రిపోర్టు ఇరవయ్యో తారీఖులోగా అందకపోతే ఆయన పని అయిపోయినట్టే. నువ్వు రాస్తావా?"

"రాస్తాను" అంది. సంచిలో ఉన్నదాని గురించి చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే అక్కగారు టీ పట్టుకొచ్చింది. ఆమె టీ తాగి వచ్చేసింది.

మర్నాడు ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళారు. మేనేజరు మంచివాడే. కుర్చీ చూపించాడు, తలుపు వేశాడు.

"బాబాయ్, ఆ వంపు పైపుతో మన పంపులు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో తెలుసా? పదిహేడు."

"అందుకే చెబుతున్నా సార్. పదిహేడూ చూడాలి."

"చూద్దాం. మెల్లగా, చడీచప్పుడు లేకుండా, ఒక్కొక్కటే మారుద్దాం. దానికి కాగితమెందుకు? తప్పు మాదే అని రాసిస్తే రేపు గేటుకి తాళమే. కింద నాలుగొందల మంది ఉన్నారు."

"అక్కడ ఒక్కడున్నాడు సార్."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ రిటైర్మెంటు ఎప్పుడు?"

"ఏడాదిన్నర."

"హాయిగా రిటైరవ్వండి బాబాయ్. అంతగా కావాలంటే మీ సొంత అభిప్రాయంగా రాసుకోండి. కంపెనీ ముద్ర పడదు." ఆమెవైపు తిరిగాడు. "మీరు ఇందులో వేలు పెట్టకండి."

ఆమె వేలు పెట్టింది. మధ్యాహ్నం భోజనం వేళల్లో, తలుపు దగ్గరగా వేసుకుని, ఆయన చెబుతుంటే రాసింది. ఈసారి ఒక్క తోక కూడా కొయ్యలేదు. రిపోర్టు పొడుగ్గా, తడబడుతూ, ముళ్ళదారిలో నడిచే మనిషిలాగా తయారైంది. కింద ఆయన ఒక్కడి సంతకం. ముద్ర ఉండాల్సిన చోట తెల్లకాగితం.

విచారణకి వారం ముందు ఇద్దరూ ఆపరేటర్ని చూడ్డానికి వెళ్ళారు. రెండు గంటల బస్సు. సైకిలు షాపు మీద ఒంటిగది. అతని భార్య ఒక లాండ్రీలో పనికి వెళ్ళింది. గదిలో తడిబట్టల వాసన, గోడకి ఒక పాత గడియారం, దాని కింద యూనిఫాం చొక్కా, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించి. మనిషి ఏభై లోపే. కూర్చోమనలేదు.

"మీరేనా సార్, కంప్యూటర్లో చూసింది?"

"నేనే బాబూ."

అతను అలమారలోంచి మేకుల డబ్బా తీసి, బాబాయి చెవి దగ్గర పెట్టి గలగలలాడించాడు. "ఇదీ చప్పుడు. ఇంతకన్నా పెద్దది. కాళ్ళకింద నేలకి తెలిసేది. విచారణలో చెబితే చప్పుడు సాక్ష్యం కాదన్నారు. మీ కంప్యూటరుకి చెవులుంటాయా సార్?"

"ఉండవు."

"కళ్ళో?"

"ఉన్నాయి. చుట్టుకొకసారి తెరిచేది."

ఆపరేటరు నవ్వాడు. ఆ నవ్వు విని ఆమె తలుపువైపు చూసింది. "ఇరవై రెండేళ్ళు రెప్ప వాల్చకుండా కూర్చున్నాను నేను. చుట్టుకొకసారి కళ్ళు తెరిచేదాని మాట నెగ్గింది."

మాట తోచనప్పుడు బాబాయి తనకి తెలిసింది చెబుతాడు. జేబులోంచి కాగితం తీసి, గోడకి ఆనించి, వంపు పైపు గీశాడు. నింపాది నీళ్ళు ఇక్కడ. పొర ఇక్కడ తెగుతుంది. మబ్బు ఇలా జారుతుంది. చెబుతూ చెబుతూ ఉత్సాహం వచ్చేసింది. "ఎంత చిత్రమో చూడండి, కరెక్టుగా చుట్టు పూర్తయ్యేసరికి..." ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆగాడు.

ఆపరేటరు కాగితం వంక చాలాసేపు చూశాడు. "బాగుంది సార్. చాలా బాగుంది. ఇదంతా నాకెందుకు చెబుతున్నారు? ఇరవయ్యో తారీఖున చెప్పండి, వినాల్సినవాళ్ళకి."

ఇరవయ్యో తారీఖున ముసురు పట్టింది. నీటి సరఫరా బోర్డు ఆఫీసులో పొడుగాటి గది. బల్లకి అవతల ముగ్గురు, మధ్యలో అధ్యక్షురాలు. తెల్లచీర, సన్న ఫ్రేము కళ్ళజోడు, అలసిపోయిన మంచి మొహం. ఇవతల ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కాలో ఆపరేటరు, పక్కన అతని భార్య. ఆవిడ వేళ్ళు సబ్బునీళ్ళకి నాని ముడుచుకుపోయి ఉన్నాయి. రాతమ్మాయి సెలవుచీటీలో జ్వరమని రాసి వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఒడిలో సంచి. సంచిలో పెన్సిలు ప్రతి.

బాబాయి అరగంట చెప్పాడు. చక్కగానే చెప్పాడు. ఆపరేటరు భార్య ముందుకి వంగి, అర్థంకాని మంచి వార్త వింటున్నట్టు విన్నది. అధ్యక్షురాలు ఓపిగ్గా రాసుకుంది. తరవాత అడిగింది, మర్యాదగానే.

"ఇప్పుడు మీరు చెబుతున్నది ఖాయమని అనగలరా?"

"పొర తెగుతోందన్నది ఖాయమండీ. తెగింది ఎంత గట్టిగా కొడుతోందన్నది..." ఆయన ఆగాడు. "అందులో ఒక అంకె ఉంది. నీళ్ళలో కంటికి కనపడని గాలి నలుసులుంటాయి. వాటిని పట్టుకునే బుడగలు పుడతాయి. ఆ ఊరి నీళ్ళలో అవి ఎన్నున్నాయో ఎవరూ కొలవలేదు. నేనే ఒక అంకె ఎంచుకున్నాను."

"మీరు ఎంచుకున్నారు."

"ఈ పని చేసే అందరం అంతేనండీ. మరో దారి లేదు."

"వేరే అంకె ఎంచుకుంటే?"

మరొకరైతే అక్కడ నోరు మూసుకునేవాళ్ళు. బాబాయి ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళ విషయంలో అబద్ధం చెప్పని మనిషి. "దెబ్బ తగ్గొచ్చు. పెరగనూ వచ్చు. కానీ గుంటలు పడిన చోటు, ఈ మచ్చ ఉన్న చోటు..."

"మీ మొదటి రిపోర్టులో ఇలాంటి సందేహం ఒక్కటీ లేదే? నేను రెండుసార్లు చదివాను. ఎంతో స్పష్టంగా ఉంది. పైగా దానికి కంపెనీ ముద్ర ఉంది. దీంట్లో పేజీకి పది చోట్ల 'బహుశా' ఉంది."

బాబాయి బల్ల మీద అరచేతులు బోర్లించి పెట్టి, వాటి వంక చూస్తూ నిలబడ్డాడు. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి.

లేవాలి, అనుకుంది రాతమ్మాయి. లేచి, సంచి తెరిచి, మొదటిదాంట్లోనూ సందేహం ఉందండీ, నేనే కొట్టేశాను, ఇదిగో నా ఎర్రసిరా అనాలి. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి. అద్దె, అమ్మ మందులు, మేనేజరు కిటికీలోంచి బయటికి చూసిన చూపు, అన్నిటికన్నా ముందు 'అనవసరం' అని ఉన్న తన గుండ్రని అందమైన చేతిరాత. కాళ్ళు లేవలేదు. ఎవరో ఫైలు మూసిన చప్పుడు వినిపించింది.

అప్పీలు కొట్టేశారు. ఇంకో మెట్టు ఉంది, అరవై రోజుల్లో పైవాళ్ళకి చెప్పుకోవచ్చు, కొత్త సాక్ష్యమేదైనా ఉంటేనే, అన్నది అధ్యక్షురాలు. ఆపరేటరు లేచి, భార్య చెయ్యి పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వానలోకి వెళ్ళిపోయాడు. గొడుగు కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది.

కంపెనీ బాబాయిని తీసెయ్యలేదు. ఆయనే రాజీనామా కాగితం ఇచ్చాడు. ఆఖరి రోజు ఆయన బల్ల ఖాళీ చేస్తుంటే ఆమె సాయం చేసింది. పెన్సిలు ముక్కలు, ఒక తువ్వాలు, అక్కగారు కుట్టిచ్చిన కుషన్. అంతే. గోడ మీది పద్ధతి కాగితం వంక ఆయన చూడలేదు. ఆమె చూసింది. బస్‌స్టాపు దాకా సంచి మోస్తానంటే వద్దనలేదు.

రేకు కప్పు కింద ఇద్దరే ఉన్నారు. బస్సు రావడానికి పది నిమిషాలుంది. ఆమె తన సంచి తెరిచి చిత్తుప్రతి తీసి, ఏడో పేజీ మడత విప్పి ఆయనకి ఇచ్చింది. దగ్గరి కళ్ళజోడు కోసం వెతికితే దూరానిది దొరికింది. చెయ్యి చాపి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"ఆ రోజు ఇది నా దగ్గరే ఉంది బాబాయి గారూ. విచారణ గదిలో. నేను లేవలేదు. తిట్టండి. ఏదో ఒకటి అనండి."

"నాకు తెలుసమ్మాయ్."

"ఏం తెలుసు?"

"నువ్వు ఆ వాక్యం కొట్టేశావని. శుభ్రం చేసిన ప్రతి నాకు ఇచ్చావు కదా. చదివాను. ఆ వాక్యం లేదని చూశాను." ఆయన కాగితాన్ని మడత ప్రకారమే మడిచాడు. "లేకపోతేనే బాగుంది అనిపించింది. మొదటిసారి నేను చెప్పింది ఖాయంగా వినిపించింది. ఎవరో మొనగాడు చెప్పినట్టు. ఆ ముచ్చట కొద్దీ సంతకం పెట్టాను."

"మరి విచారణలో ఆ మాట అనలేదేం?"

"అంటే నీ పేరు చెప్పాలి."

వాన వెలిసిన రోడ్డు మీద మోటారుసైకిలు ఒకటి గుంటలోని నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది.

ఆ తరవాత ఆమె ఆయన్ని చూడలేదు. ఆయనా అక్కగారూ వేరే ఊరు వెళ్ళిపోయారు. నాలుగు నెలలకి అక్కగారి నుంచి ఒక కార్డు వచ్చింది. నిద్రలోనే పోయాడని, బాధపడలేదని, మిషను కుడుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని రాసింది.

ఆపరేటరు దగ్గరికి ఆమె వెళ్ళింది. అరవై రోజుల్లో నలభై ఒకటో రోజున. అన్నాళ్ళు పట్టింది కాళ్ళు లేవడానికి. అతను గుమ్మంలో నిలబడే ఏడో పేజీ చదివాడు. గీత మీద వేలు పెట్టి, "ఇది మీరే గీశారా?" అన్నాడు. నేనే, అంది. "తిన్నగా గీశారు" అన్నాడు. కాగితం తీసుకున్నాడు. తలుపు వేసుకున్నాడు. పైవాళ్ళ తీర్పు ఇంకా రాలేదు. ఆమె ఇప్పుడు ఆ కంపెనీలో లేదు.

కానీ ఇవన్నీ తరవాతి సంగతులు. ఆ రోజు బస్సు వచ్చి ఆగింది. బాబాయి సంచి అందుకుని, మెట్టు మీద ఒక కాలు పెట్టి, మడిచిన కాగితాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. వెనక కండక్టరు తొందరపెడుతున్నాడు. ఆయన వెనక్కి తిరిగి అన్నాడు:

"దీన్ని ఆయనకి నువ్వే ఇవ్వమ్మా. నేను వెళ్తే మళ్ళీ నీళ్ళ సంగతే చెప్పి వస్తాను."